పరదత్త పరిపాలనము: దాతను నిలుపుకొను ధర్మము

దానమును గూర్చి మన పెద్దలు చెప్పిన మాటలను ఏరి కూర్చినచో ఒక మహాగ్రంథమగును. ఎవడు ఈయవలెను, ఎవనికి ఈయవలెను, ఏ దేశమున, ఏ కాలమున, ఏ మనస్సుతో ఈయవలెను అను విచారము శ్రుతిస్మృతులయందు అడుగడుగున కనబడును. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి, చదువు ముగించుకొని ఇంటికి బోవు శిష్యునకు, దానము చేయునప్పుడు శ్రద్ధయు, బిడియమును, భయమును, వివేకమును ఉండవలెనని బోధించినది. శ్రీమద్భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానమును సాత్త్విక రాజస తామసములని మూడుగా విభజించి చూపినది. ఈ బోధయంతయు దాతను ఉద్దేశించినది. ఇచ్చిన దానిని పుచ్చుకొని, భద్రపరచి, వెచ్చించువారు ఎట్లుండవలెనను భాగమును మనము అంతగా పఠింపము. నేనును పాఠశాలలో పఠింపలేదు. అరువది యేండ్లు దాటిన పిమ్మట ఒక దేవాలయపు అన్నప్రసాద రిజిస్టరు చేతికి వచ్చినప్పుడు గాని ఆ లోపము నాకు తెలిసిరాలేదు.

రామచంద్రాపురము మొదలుకొని పటాన్‌చెరు, ఇస్నాపూరు, రుద్రారము, కంది మీదుగా సంగారెడ్డి వరకు 65వ జాతీయ రహదారి వెంట ప్రయాణము చేసినవారికి ఈ ప్రాంతపు స్వరూపము తెలిసియే యుండును. 1960వ దశకమున రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము వచ్చినది. 1972లో పటాన్‌చెరు చేరువను ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వెలసినది. ఆ తరువాత పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలు పెరిగినవి. కోస్తా జిల్లాల వారు, రాయలసీమ వారు, ఒడిశా, బీహారుల వారు పొట్ట చేతబట్టుకొని వచ్చిరి. వచ్చినవారు తమ దేవుని వెంటబెట్టుకొనియే వచ్చిరి. జీతము రాళ్లలో కొంత తీసి గుడి కట్టిరి. గుడి కట్టిన యేడాదికే అన్నప్రసాదము మొదలుపెట్టిరి. మొదటి యేడు రశీదు పుస్తకములు చాలవు. రెండవ యేడు తెల్లకాగితములు మిగులును. మూడవ యేట కార్యదర్శి నా వంటి వారి యొద్దకు వచ్చి, “ఆచార్యులుగారూ, దాతలు నిలువరేమండీ? మరల ఒక ఉపన్యాసము పెట్టింతుమా?” అని అడుగును.

కలిప్రభావమని నిట్టూర్చి ఊరకుండుట సులభము. నేనును కొన్నాళ్లు అట్లే అంటిని. దానమహిమను గూర్చి ఉపన్యాసములును చెప్పితిని. విన్నవారు తలలూపిరి, రశీదు పుస్తకము మాత్రము కదలలేదు.

ఇక్కడ నా యపరాధమొకటి చెప్పుకొనవలసియున్నది. మేము నడుపు అన్నప్రసాదమునకు 2022లో ఒక తల్లి తన భర్త తిథికి శాశ్వత నిధి కట్టినది. ఆయన ఒక కర్మాగారమున బాయిలరు వద్ద పనిచేసినవాడు. ఆమె ఒక క్యాంటీనులో వంట చేయును. ఆ ధనము ఎన్ని నెలల కష్టమో నేను లెక్క వేయగలను. తిథి శ్రావణ బహుళ విదియ. ఆ యేట అది ఆగస్టు 13న వచ్చినది. ఆనాడు సంకల్పమున ఆయన గోత్రనామములు చదివితిని. ఆమె కొడుకును కోడలిని వెంటబెట్టుకొని వచ్చి, తన చేతితో వడ్డించి, సంతోషముగా పోయినది. రిజిస్టరు వ్రాయువాడు “ఆగస్టు 13” అని తేదీ వేసెను. తిథి వ్రాయలేదు. మరుసటి సంవత్సరము ఉగాదికి పంచాంగము చూచి తిథుల పట్టిక సరిచేసి ఇయ్యవలసిన పని నాది. అప్పుడు నాకు ఏమి తొందరయో, “పుస్తకములోని తేదీలనే చూచుకొనుడు” అని పంపివేసితిని. 2023లో శ్రావణము అధికమాసముగా వచ్చినది. ఆగస్టు 13 అధిక శ్రావణమున పడినది. ఆ తల్లి భర్త తిథి నిజశ్రావణమున సెప్టెంబరు 1న వచ్చినది. ప్రత్యాబ్దికము నిజమాసముననే జరుపుట మా వైపు ఆచారము. ఆగస్టు 13న ఎవరును లేని వేళ పేరు చదివి పని అయినదనుకొంటిమి. సెప్టెంబరు 1న ఆమె వచ్చినది. సంకల్పమున వేరొకరి పేరు వినబడినది. ఆమె ఎవరినీ అడుగలేదు. చివరి పంక్తిలో కూర్చుండి, విస్తరిలోనిది తిని, కళ్లకద్దుకొని వెడలిపోయినది. ఆ తరువాత రాలేదు. నెల నెల ఆమె పంపుచుండిన చిన్న మొత్తమును ఆగినది. ఎందుకాగినదో మాకు నాలుగు నెలల వరకు తెలియదు, అడిగినవారు లేరు.

ఈ సంగతి బయటపడినప్పుడు సంఘసభ్యుడొకరు, “దానము చేసినవారు ఫలము కోరరాదు గదా! పేరు చదువకున్న పుణ్యము పోవునా?” అనెను. ఆయన దుర్మార్గుడు కాడు. నా ఉపన్యాసములు విన్నవాడు. నా మాటనే నాకు అప్పగించెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిష్కామముగా ఈయుమన్న బోధ ఇచ్చువానికి చేసినది. పుచ్చుకొన్నవాడు దానిని తనకు అడ్డుగా పెట్టుకొనుటకు శాస్త్రము ఎక్కడను అనుమతింపలేదు. దాత ప్రతిఫలము కోరకుండుట దాత ధర్మము. సంఘము లెక్క చెప్పుట సంఘ ధర్మము. రోగి వైద్యునకు తనంత తాను దక్షిణ ఇచ్చుట ఉదారత. వైద్యుడు ఆ ఉదారతను చూపి మందీయకుండుట మాత్రము అపరాధమే గదా.

ధర్మశాస్త్రమున పుచ్చుకొన్నవాని విధి యెచ్చట నున్నదని వెదకినచో అది దానప్రకరణమున కంటె వ్యవహారప్రకరణమున స్పష్టముగా దొరకును. మనువు చెప్పిన పదునెనిమిది వివాదపదములలో ఋణాదానము మొదటిది, రెండవది నిక్షేపము. ఒకడు తన వస్తువును మరియొకని నమ్మి అతని యొద్ద ఉంచుట నిక్షేపము. ఉంచిన ముద్ర చెదరకుండ, ఉంచిన తీరుననే అప్పగించుట దానిని పుచ్చుకొన్నవాని బాధ్యత. దేవాలయమునకు శాశ్వత నిధి కట్టిన దాత చేయునది ఇదియే. ధనమును మాత్రమేగాక, ఒక తిథిని, ఒక పేరును, ఒక కోరికను ముద్రవేసి మన యొద్ద ఉంచుచున్నాడు. ధనమును బ్యాంకులో భద్రపరచి తిథిని పోగొట్టినచో ముద్ర చెదరినట్లే.

శ్రీవైష్ణవులకు ఈ పదము మరింత దగ్గరిది. న్యాసము, నిక్షేపము అను మాటలు మన సంప్రదాయమున శరణాగతికి పేర్లు. వేదాంతదేశికులు ప్రపత్తిని సమర్థించుచు రచించిన గ్రంథమునకు నిక్షేపరక్ష యని పేరు. జీవుడు తన భారమును భగవంతునిపై ఉంచుచున్నాడు. ఉంచిన తరువాత తాను మరచినను ఆయన మరువడను విశ్వాసమే ప్రపన్నుని నిశ్చింతకు మూలము. ఆ స్వామి వాకిట, ఆయన పేరు చెప్పి నిక్షేపము పుచ్చుకొన్న మనము మరచినచో, భక్తుని మనస్సున సడలునది మన సంఘముపై నమ్మకము మాత్రమే కాదు. నాకు నిద్ర పట్టకపోవుటకు కారణమిది.

పూర్వులు ఈ విషయమున ఎంత జాగరూకులో శాసనములు చెప్పును. దానశాసనముల చివర, ఇచ్చిన దానిని హరించినవానికి కలుగు పాపములతో పాటు, పరులిచ్చిన దానిని పాలించుట తానిచ్చుటకంటె రెండింతల పుణ్యమను భావము తరచుగా కనబడును. శాపమును జనులు జ్ఞాపకముంచుకొనిరి. రెండింతల పుణ్యమును మరచిరి. ధర్మకర్తలకు ఆ వాక్యము వరము వంటిది. పైసా లేని గుమాస్తా కూడ పరుని దానమును చక్కగా కాపాడి దాతను మించవచ్చునని దాని తాత్పర్యము.

పటాన్‌చెరువు నేలయే ఇట్టి చరిత్ర కలది. కళ్యాణి చాళుక్యుల కాలమున ఈ ఊరు పొట్టలకెరె. 11వ శతాబ్ది పూర్వార్ధమున ఏలిన రెండవ జయసింహునకు ఇది నెలవీడు. కర్మాగారపు గొట్టములు చూచి ఈ ప్రాంతము నిన్న మొన్నటిదనుకొనువారు పటాన్‌చెరులోని ప్రదర్శనశాలకు వెళ్లి అచటి శిల్పములను చూడవచ్చును. దానము నిలుపు విద్యను నేర్చుకొనుటకు మాత్రము వేంగి దేశపు దీపశాసనములను, తిరుమల శాసనములను చదువవలెను.

ద్రాక్షారామము వంటి క్షేత్రములలో అఖండదీపమునకు ధనము కాక గొఱ్ఱెల నిచ్చుట పరిపాటి. ఇరువదియైదో ఏబదియో జీవములను ఒక బోయకు అప్పగింతురు. అతడును అతని సంతతివారును దినమునకు ఇంత నేయి దీపమునకు పోయవలెను. దాత పేరు, ఏ దీపమునకు, ఎన్ని జీవములు, ఎవడు పుచ్చుకొనెను, ఎంత నేయి – ఇన్నియు రాతిపై ఉండును. తమిళదేశపు చోళశాసనములు ఆ మందను చావని, ముదియని గొఱ్ఱెలని వర్ణించినవి. జీవము చచ్చును, ముదియును. మంద మాత్రము పిల్లలతో నిండుచు లెక్క తగ్గరాదని భావము. ఇందు రెండు పాఠములున్నవి. పుచ్చుకొన్నవాని పేరు కూడ శాసనమున చెక్కబడుట ఒకటి. నేటి మన శిలాఫలకములపై దాతల పేర్లే యుండును. నేయి పోయవలసినవాని పేరుండదు. దీపమారినప్పుడు ఎవరిని అడుగవలెనో తెలియదు. రెండవ పాఠమును ముందు చెప్పెదను.

తిరుమలలో 966వ సంవత్సరమున పల్లవ వంశపు రాణి సామవై వెండి శ్రీనివాసమూర్తిని సమర్పించి, నగలను, భూములను ఇచ్చి శాసనము వేయించినది. భోగశ్రీనివాసుడను పేర ఆ మూర్తికే నేటికిని ఏకాంతసేవ జరుగుచున్నది. వేయేండ్లు దాటినవి. పల్లవ రాజ్యము లేదు. సామవై తిరిగి వచ్చి అడుగునది కాదు. అయినను ఆమె ఇచ్చిన మూర్తి ధనుర్మాసమున తప్ప ప్రతి రాత్రి ఊయల మంచముపై పవళించుచున్నది. తిరుమలకు వెళ్లిన యాత్రికులు ఈ సంగతి తలచుకొన్నచో, ఆచంద్రార్కము అను మాట కేవలము శాసనాలంకారము కాదని తెలియును.

విజయనగర కాలపు తిరుమల శాసనములు మరింత ఉపయుక్తములు. భక్తులు శ్రీభండారమున పణములు సమర్పించి, వానితో ఇన్ని నైవేద్యములు జరుపవలెనని కోరెడివారు. ఆలయాధికారులు ఆ ధనముతో దేవస్థానపు గ్రామములలో కాలువలు త్రవ్వించి, చెరువులు బాగుచేయించి, అందువలన పెరిగిన పంటతో కైంకర్యము నడిపిరి. నివేదించిన ప్రసాదమున నాలుగవ వంతు దాతకు చెందును. దీనికి శాసనములలో విట్టవన్ విళుక్కాడు, అనగా ఇచ్చినవాని భాగము, అని పేరు. దాత దానిని తాను తీసికొనవచ్చును, మరియొకరికి ఇచ్చివేయవచ్చును. సాళువ నరసింహుని కాలమున తిరుమల తిరుపతులలోని రామానుజకూటములను నిర్వహించిన కందాడై రామానుజయ్యంగారు ఇట్టి భాగములను శ్రీవైష్ణవ యాత్రికుల తదీయారాధనమునకు వినియోగించెను. దాత ఇచ్చెను, స్వామి ఆరగించెను, నాలుగవ వంతు దాతకు తిరిగి వచ్చెను, దాత దానిని మరల యాత్రికునకు ఇచ్చెను. ఒక్క పర్యాయమిచ్చిన ధనము ప్రతిదినము దాత చేతిమీదుగా మరల దానమగుచుండెను. దాతను నిలుపుకొను ఉపాయము ఇంతకంటె సుందరమైనది నేను చూడలేదు. మనము సంవత్సరమునకొక్కసారి పొట్లములో రెండు పటికబెల్లపు ముక్కలు పంపుటకు తపాలా ఖర్చు లెక్కించుచున్నాము!

ఇక రెండవ పాఠము. గొఱ్ఱెలు పిల్లలు పెట్టును. కాలువ క్రింద పంట పండును. ధరలతో పాటు వాని విలువయు పెరుగును. రూపాయి నోటు పిల్లలు పెట్టునది వడ్డీ రూపమున మాత్రమే. ఆ వడ్డీ ధరలతో పరుగెత్తజాలదు. 1980వ దశకమున దీర్ఘకాలపు డిపాజిట్లపై బ్యాంకులు నూటికి 11 వరకు ఇచ్చినవి. ఆనాడు 1,116 రూపాయలు శాశ్వత నిధి కట్టినవారికి ఏడాదికి సుమారు 122 రూపాయలు వచ్చెడివి; దానితో ఒక పంక్తికి తృప్తిగా భోజనము పెట్టవచ్చును. నూటికి 7 చొప్పున నేడు అదే మొత్తముపై వచ్చునది 78 రూపాయలు. అది ఒక విస్తరికి సరిపోవుట కష్టము. ఈ స్థితిలో కొన్ని సంఘములు పాత దాతల పేర్లను నిశ్శబ్దముగా తీసివేసినవి. ఇది దత్తాపహారమునకు తోబుట్టువు. మరికొన్ని, పేరు చదువుచు అన్నము వేరొకరి ధనముతో పెట్టి, ఎవరికిని చెప్పవు. ఇదియు సరికాదు. దాత ఇంటికి వెళ్లి, లేదా అతని సంతతికి వ్రాసి, “మీ తండ్రిగారి నిధి చెక్కుచెదరక యున్నది, ఇంత వడ్డీ వచ్చుచున్నది, నేటి ధరకు ఇన్ని విస్తరులగుచున్నవి, పేరు మాత్రము ఎప్పటివలె చదువబడును” అని చెప్పుటయే తగును. ఇంకేమియు అడుగనక్కరలేదు. మేమట్లు వ్రాసిన పాత కుటుంబములలో కొందరు తామే నిధిని పెంచిరి. కొందరు పెంచలేదు. వారి పేర్లును చదువుచున్నాము.

తిరుమల తిరుపతి దేవస్థానము వారి అన్నప్రసాద వ్యవస్థను ఈ దృష్టితో పరిశీలింపవలెను. 18వ శతాబ్దమున తరిగొండ వెంగమాంబ తిరుమలలో యాత్రికులకు అన్నము పెట్టినది. 1985 ఏప్రిల్ 6న నిత్యాన్నదాన పథకము ఆరంభమైనప్పుడు దినమునకు రెండువేల మందికి భోజనము పెట్టిరి. 1994లో దానికి ప్రత్యేక ట్రస్టు ఏర్పడెను. 2014లో అది అన్నప్రసాదం ట్రస్టు అను పేరు పొందెను. 2011లో వెంగమాంబ పేర పెద్ద భవనము వెలసినది. విరాళములను బ్యాంకులలో ఉంచి, వచ్చిన వడ్డీతో అన్నప్రసాదము నడుపుట దీని పద్ధతి. ఒకనాటి మూడు పూటల ఖర్చునకు విరాళము 44 లక్షల రూపాయలు. ఉదయమునకు 10, మధ్యాహ్నమునకు 17, రాత్రికి 17. అంతకు పూర్వము ఈ మొత్తము 38 లక్షలుగా ఉండెను. ధరలు పెరిగినప్పుడు మొత్తమును దాచక ప్రకటించిరి గనుకనే దాతకు అనుమానము కలుగలేదు. పెద్ద దేవస్థానమునకు మనకు పోలిక లేదనువారు ఉందురు. ధనమున పోలిక లేదు, నిజమే. ఒక పూటకు ఎంతయగునో గోడపై వ్రాయుటకు ధనమక్కరలేదు.

మన ప్రాంతమున కర్మాగారములున్నవి గదా, వారిని అడిగిన చాలును అనువారు పెక్కుమంది. 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము, నికరవిలువ 500 కోట్లు గాని, వ్యాపారము 1,000 కోట్లు గాని, నికరలాభము 5 కోట్లు గాని కలిగిన సంస్థలు, గడచిన మూడేండ్ల సగటు నికరలాభమున నూటికి 2 వంతులు సమాజహితమునకు వెచ్చింపవలెను. చట్టము చూపిన కార్యముల పట్టికలో ఆకలి నివారణము మొదటి వరుసలోనే కలదు. అడుగుటలో తప్పులేదు. పెద్ద పాత్రలకు, వంటశాలకు, మంచినీటి యంత్రమునకు ఆ ధనము మిక్కిలి ఉపకరించును. కాని అది సంస్థ లాభమును బట్టి వచ్చును, అధికారి మారినప్పుడు మారును, మార్చి నెల దాటిన తరువాత మరల మొదటినుండి అడుగవలెను. నిత్యాన్నమును దానిపై నిలుపుట ఏటి ఒడ్డున ఇసుకపై పొయ్యి పెట్టుట వంటిది. మా అనుభవమున, పొయ్యి ఆరకుండ చూచినవారు నెలకు ఏబది, నూరు ఇచ్చు కార్మికులే. వారికి శాలువాలు కప్పినవారు లేరు. పెద్ద విరాళమునకు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టితిమి. వాన వచ్చి ఫ్లెక్సీ చినిగినది.

కార్మిక దాతతో ఒక చిక్కు కలదు. అతడు ఈ ఊర నిలుచునన్న నమ్మకము లేదు. కాంట్రాక్టు ముగియును; మరియొక జిల్లాకో స్వస్థలమునకో పోవును. అతడు పోయినాడని విచారించి లాభము లేదు. ఇక్కడ చావని, ముదియని మంద జ్ఞాపకము రావలెను. వెళ్లు ముందు వచ్చి చెప్పినవానికి స్వామి సన్నిధిని ఆశీర్వచనము చేయించి, ప్రసాదమిచ్చి, “నీ స్థానమున ఒకరిని చూపి పొమ్ము” అని అడుగుచున్నాము. ఒడిశా నుండి వచ్చిన ఒక యువకుడు తన గదిలోని నలుగురిని తెచ్చి చూపి వెళ్లెను. నలుగురును కలిసి ఒక్కనికి సరిపోవు మొత్తమే ఇత్తురు. అయినను మంద పెరిగినదనియే నా లెక్క. ఇయ్యలేని ఇండ్లలో పిడికెడు బియ్యము తీసిపెట్టు ఆచారమును కంచి పరమాచార్యులవారు ప్రచారము చేసిరి. మా వీధులలో కొందరు గృహిణులు దానిని పాటించుచున్నారు. ఎసట్లో పోయు ముందు ఒక పిడికెడు ప్రక్కకు తీయు చేయి ప్రతిదినము దేవాలయమును తలచును. అందుకే ఆ బియ్యపు సంచి బరువును నేను రూపాయలలోనికి మార్చి చూడను.

ఇటీవల అన్నప్రసాదశాల ద్వారమున క్యూఆర్ కోడ్ అతికించిరి. ఫోను చూపినంతనే పది, ఇరువది రూపాయలు వచ్చి పడుచున్నవి. సౌకర్యమే. కాని ఆ దాత ముఖము మనము చూడలేదు. ఆయన తిథి, గోత్రము, చిరునామా మనకు తెలియవు. హుండీలో వేసినదానికిని దీనికిని భేదము లేదు. గుప్తదానము కోరువారికి అది యుక్తము. వారిని వెంటబడి పేరడుగరాదు. చెప్పదలచినవారికి చోటుండవలెను గనుక కోడ్ ప్రక్కన ఒక నోటుపుస్తకమును దారముతో కట్టిన కలమును ఉంచితిమి. కలము మూడుసార్లు పోయినది. పుస్తకము మాత్రము నిండుచున్నది. అందు కొందరు పేరుకు బదులు తమ పిల్లల పరీక్షల తేదీలు వ్రాసిరి. ఆనాడు వారి పేర అర్చన చేయించితిమి.

జాబుల విషయమొకటి. సంఘముల వారు దాతకు వ్రాయు జాబులన్నియు అడుగు జాబులే. బ్రహ్మోత్సవము వచ్చుచున్నది, ధనుర్మాసము వచ్చుచున్నది, మీ శక్తికొలది పంపుడు. ఆ కవరు చూచినంతనే దాత ఎత్తి ప్రక్కన పెట్టును, అతనిని నిందింపలేము. అడుగు జాబు వేరు, తెలుపు జాబు వేరు. తెలుపు జాబున అడుగుట ఉండరాదు, చివరి పంక్తిలో నైనను. “శ్రీమతే రామానుజాయ నమః. మీరు సమర్పించిన కైంకర్యము మీ తల్లిగారి తిథి మాఘ శుద్ధ పంచమినాడు జరిగినది. ఆనాడు నూట నలువదిమంది భుజించిరి. అందు ఎక్కువమంది రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవారు. సాంబారు కొంచెము తక్కువైనది, పెరుగుతో సర్దితిమి.” ఇంతయే. సాంబారు తక్కువైన మాట ఎందుకని కార్యదర్శి అభ్యంతరము చెప్పెను. ఆ మాట ఉండుటచేతనే తక్కిన మాటలు నిజమని దాతకు తోచునని నా అభిప్రాయము. 2020 మార్చిలో మహమ్మారి వలన తిరుమలలోనే దర్శనము నిలిచినది. మా పొయ్యియు ఆరినది. ఆ నెలల తిథులు గల దాతలకు, “మీ దినమున అన్నము పెట్టలేకపోతిమి, మీ వంతు నిలువయున్నది, పొయ్యి వెలిగిన తరువాత ఏ దినమున కోరుదురో వ్రాయుడు” అని తెలిపినచో కోపగించినవారు ఒక్కరును లేరు.

ఆ తల్లి యింటికి నేను వెళ్లితిని. పంచాంగము చేతబట్టుకొని వెళ్లితిని. ఎందుకో తెలియదు, పండితునకు అది కర్ర వంటిది. తప్పు నాదని చెప్పితిని. అధికమాసమును గూర్చి వివరింపబోయితిని. ఆమె వారించి, “అయ్యగారూ, ఆయన పేరు ఆగస్టులో చదివినప్పుడు వినుటకెవ్వరును లేరు గదా, ఆ రోజు తిన్నవారు ఎవరు?” అని అడిగినది. నా యొద్ద సమాధానము లేదు. పుస్తకమున సంఖ్య ఉన్నది, మనుష్యులు లేరు. 2024లో శ్రావణ బహుళ విదియనాడు ఆమె వచ్చినది, తానే వడ్డించినది, తిన్నవారిని ఏ ఊరు నాయనా, ఏ ఫ్యాక్టరీ నాయనా అని ఒక్కొక్కరిని అడిగి తెలిసికొన్నది. నెలవారీ మొత్తమును మరల మొదలుపెట్టినది. నేనడుగలేదు.

ఇప్పుడు మా రిజిస్టరులో తేదీ గడి లేదు. మాసము, పక్షము, తిథి, గోత్రము, పేరు, చిరునామా, ఆ తరువాత ఆ యేటి తేదీకి పెన్సిలుతో వ్రాయు గడి కలవు. ఉగాదినాడు పాత పెన్సిలు వ్రాత చెరిపి కొత్త పంచాంగమును బట్టి వ్రాయుదుము. నాతోపాటు ఒక యువకుడు కూర్చుండి నేర్చుకొనుచున్నాడు. అతని పేరు పుస్తకపు మొదటి పుటలో, నేయి పోయువాని స్థానమున, వ్రాసితిమి. పరాభవ నామ సంవత్సరమున, అనగా 2026లో, మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠము. మా పుస్తకమున జ్యేష్ఠమాసపు తిథులు ఏడు కలవు. ఏడింటి ప్రక్కనను ఎఱ్ఱ సిరాతో “నిజ” అని వ్రాసియుంచితిమి.